ముప్పై ఒకటో నంబరు

ఆ కారు చాసీలో, అంటే కింది ఇనప చట్రంలో, నూట అరవైకి పైగా అతుకులు ఉండేవి. వాటిలో ఒకటి నాది. మిగిలినవన్నీ అతనివి. ఈ మాట అప్పట్లో చెప్పాల్సిన మనిషికి చెప్పి ఉంటే ఇప్పుడిదంతా రాసే అవసరం వచ్చేది కాదు.

రెండు వేలు దాటిన తొలి సంవత్సరాల్లో నేను సౌదీలోని యాన్బులో వెల్డింగ్ ఇన్‌స్పెక్టరుగా పనిచేశాను. రిఫైనరీలో పైపులు అతికిన చోటల్లా ఎక్స్‌రే తీస్తారు. ఆ ఫిల్ములు చూసి ఏది పాస్, ఏది ఫెయిల్ అని సంతకం పెట్టడం నా పని. కూతురి చదువు కోసం భార్య ఇదంతా జరిగిన ఏడాదే కాకినాడ వెళ్లిపోయింది. రెండు గదుల ఇల్లు, బయట రేకుల షెడ్డు, గురు శుక్రవారాల సెలవు నాకు మిగిలాయి.

పక్కింట్లో ఉండే బ్రిటిష్ ఇంజనీరు ఒక స్పోర్ట్స్ కారు కిట్టు తెప్పించుకున్నాడు. విడిభాగాలన్నీ పెట్టెల్లో వస్తాయి, కూర్చోబెట్టుకోవడం మన పని. చాసీ కూడా కోసిన స్క్వేర్ పైపు ముక్కలుగానే వచ్చింది. ఇద్దరికే సీట్లు. తలుపుల్లేవు, పైకప్పు లేదు. మొత్తం కట్టాక మారుతీ కారు కంటే తేలిగ్గా ఉంటుందని అతను మురిసిపోతూ చెప్పేవాడు. కానీ పెట్టెలు విప్పకముందే అతనికి బదిలీ అయింది. పోతూ పోతూ నాకు అమ్మేశాడు. రోడ్డు మీద తిప్పడానికి కాగితాలు రావని తెలిసే కొన్నాను. కాలనీ అవతల, ఇంకా తెరవని ఇండస్ట్రియల్ ఏరియా రోడ్లు ఉండేవి. తారు పోశారు, దీపస్తంభాలు నాటారు, ఒక్క బండీ తిరగదు. అవి చాలనుకున్నాను.

పెట్టెలు విప్పగానే నాకు గుర్తొచ్చిన మనిషి ముప్పై ఒకటో నంబరు వెల్డరు.

సైటులో ప్రతి వెల్డరుకీ ఒక నంబరు ఉంటుంది. అతుకు వేశాక పక్కనే తెల్ల మార్కరుతో ఆ నంబరు రాయాలి. ఎక్కడ తేడా వచ్చినా ఎవరి చెయ్యో తెలిసిపోతుంది. ముప్పై ఒకటి అని ఉన్న ఫిల్ము చేతికొస్తే నేను సగం చూసే సంతకం పెట్టేసేవాణ్ణి. అతనిది జగిత్యాల దగ్గర పల్లె. నాకంటే ఆరేళ్లు పెద్ద. అయినా నేను నువ్వు అనేవాణ్ణి, అతను సార్ అనేవాడు.

"శుక్రవారం ఒకసారి ఇంటికి రా, చిన్న పని ఉంది" అన్నాను. అడిగాననే అనుకున్నాను అప్పుడు. అతని ఫిల్ములు పాస్ చేసేవాణ్ణి నేను. నేను రమ్మంటే అతను రానని ఎలా అంటాడు?

శుక్రవారం పనివాళ్లుండే క్యాంపు నుంచి బజారుకి కంపెనీ బస్సు వచ్చేది. అందరూ బజారులో దిగి ఇంటికి ఫోన్లు చేసుకుంటుంటే అతను మా కాలనీ గేటు దగ్గర దిగేవాడు. మొదటి రోజు ఆ సన్నటి పైపు తీసుకుని వేలి మీద నిలబెట్టి చూశాడు.

"మా ఊర్ల గేట్లకు సుత ఇంతకన్న మందం పైపు ఏస్తరు సార్. గిది కారా, మంచమా?"

"కారే. వంద దాటి పోతుంది."

"పోతది సార్. దాంతో పాటు మీరు సుత పోతరు" అని నవ్వి, హెల్మెట్ దించుకున్నాడు.

పైపు పల్చన కాబట్టి ఆర్గాన్ టార్చి ఒక్క క్షణం ఎక్కువ నిలిపితే చిల్లు పడుతుంది, ముందే తీసేస్తే పట్టదు. అతను ఊపిరి బిగబట్టి గీత గీసినట్టు పోయేవాడు. చేప పొలుసులు వరసగా పేర్చినట్టుండేది అతుకు. అవ్వగానే మార్కరు తీసి పక్కన 31 అని రాసేవాడు. "ఇక్కడ ఎవరు చూస్తారయ్యా" అంటే, "రాయకుంటే పని అయినట్టుండదు సార్" అనేవాడు. జుమ్మా నమాజు వేళకి మిషను ఆపేవాళ్లం. నేను వండిన పులుసు కలుపుకుంటూ, మీ దిక్కు చింతపండు అగ్గువా అని నన్ను ఆటపట్టించేవాడు.

నాలుగు నెలల్లో అతను నన్ను అడిగింది ఒక్కటే. వెల్డింగ్ షాపులో ఫోర్‌మన్ పోస్టు ఖాళీ అవబోతోంది. దానికి ఇన్‌స్పెక్షన్ వాళ్ల సిఫారసు కావాలి.

"కండ్లు వోతున్నయ్ సార్. హెల్మెట్ల అద్దాలు వెట్టుకుని కొడ్తున్న. ఇంకో ఏడాది, రెండేండ్లు. తర్వాత కంటి పరీక్షల ఫెయిల్ అయితే ఎగ్జిట్ కొట్టి పంపిస్తరు. ఫోర్‌మన్ అయితే ఒకల్లతోటి కొట్టించుడే కద."

"నేను రాస్తాను" అన్నాను. రాసే ఉద్దేశంతోనే అన్నాను.

ఒక శుక్రవారం అతనికి సైటులో ఓవర్‌టైం పడింది. ముందు ఎడమ చక్రం చాసీకి పట్టుకునే కింది బ్రాకెట్టు ఒక్కటే మిగిలింది. అది అయితే రంగు కొట్టొచ్చు, వచ్చే వారం ఇంజన్ స్టార్ట్ చేయొచ్చు. నేను ఆగలేకపోయాను. పదేళ్లుగా ఇతరుల అతుకుల్లో తప్పులు పట్టినవాణ్ణి, ఒక్కటి వేయలేనా అనుకున్నాను. వేశాను. పైకి బుడిపెలు బుడిపెలుగా వచ్చింది, లోపల ఎంత పట్టిందో నాకే తెలియదు. గ్రైండరు పెట్టి నున్నగా అరగదీశాను. సైటులో ఎవరైనా అలా అరగదీస్తే, ఏం దాస్తున్నావని అడిగే మొదటి మనిషిని నేను. దానితో పాటు చాసీ మొత్తానికీ బూడిదరంగు ప్రైమర్ కొట్టాను.

తర్వాతి వారం అతను వచ్చి చాసీ చుట్టూ ఒకసారి తిరిగాడు. ప్రైమర్ కింద తన నంబర్లు పోయాయని మార్కరు తీసి మళ్లీ అన్నిటి పక్కనా రాసుకుంటూ పోయాడు. ఆ బ్రాకెట్టు దగ్గర ఆగాడు. బొటనవేలితో తడిమాడు.

"గిది నేను కొట్టలే సార్."

"నేనే వేశాను. బానే ఉందిగా?"

"గ్రైండర్ వెట్టిండ్రు. లోపల ఏమున్నదో ఎట్ల తెలుస్తది? కోసేసి మల్ల కొడ్త, అర్ధగంట పని."

"రంగు ఆరింది. ఇవాళ ఇంజన్ పెడదాం. అది తర్వాత చూద్దాం."

అతను మార్కరుకి మూత పెట్టి జేబులో వేసుకున్నాడు. నా అతుకు పక్కన నంబరు రాయలేదు.

ఇంజన్ స్టార్ట్ అయింది. ఆ సంతోషం ఇప్పటికీ అబద్ధం కాదు. ఇద్దరం చిన్నపిల్లల్లా చప్పట్లు కొట్టాం. ఆ తర్వాతి శుక్రవారాలు తెరవని రోడ్ల మీద తిరిగాం. స్టీరింగ్ కొంచెం తిప్పితే చాలు, కారు తలతిప్పినట్టు తిరిగేది. తారు చేతికందేంత దగ్గరగా ఉండేది. అతను తువ్వాలు ముఖానికి చుట్టుకుని పక్కన కూర్చుని, "మెల్లగ సార్, మెల్లగ, మా ఇంటామెకు మీరేం చెప్తరు" అని అరుస్తూ నవ్వేవాడు. ఇంటికొచ్చాక పళ్ల మధ్య ఇసుక. ఎర్రసముద్రం గాలికి వారానికోసారి ఎక్కడో ఒకచోట తుప్పు లేచేది. నేను గీకి రంగు వేసేవాణ్ణి, ఎయిర్ ఫిల్టరు అతను దులిపేవాడు. ఆ బ్రాకెట్టు మాట మాత్రం నేనెత్తలేదు. అతను రెండుసార్లు ఎత్తాడు. రెండుసార్లూ వచ్చే వారం అన్నాను.

బానెట్టు ఎత్తినప్పుడల్లా అన్ని అతుకుల పక్కనా తెల్లగా 31 కనిపించేది, ఒక్క నా దాని పక్కనే బోసిగా ఉండేది. కారు చూడటానికి ఎవరైనా వస్తే వాళ్ల కళ్లు అక్కడికే పోతాయేమోనని నాకు గుబులు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి తెచ్చిన మార్కరుతో నేనే 31 అని రాశాను. ఒకటి కింద అడ్డగీత పెట్టడం అతని అలవాటు. ఆ గీత కూడా పెట్టాను.

అతను చూశాడు. చాలాసేపు వంగి చూశాడు. తుడిచేస్తాడేమోనని నేను షెడ్డు గుమ్మంలోనే నిలబడ్డాను. తుడవలేదు. లేచి, "చాయ్ పెట్టుకుందమా సార్?" అన్నాడు. సిఫారసు నేనింకా రాయలేదన్న, అది నా చేతిలోనే ఉందన్న సంగతి ఆ క్షణంలో నాకు తట్టలేదు. అతనికి తట్టే ఉంటుంది.

రెండు వారాల తర్వాత మా ప్రాజెక్టు మేనేజరు కారు చూస్తానని వచ్చాడు. ఒక రౌండు వేద్దామన్నాడు. అతుకు సంగతి తెలిసీ ఎక్కించుకున్నాను. మూడో మలుపులో ఎడమ వైపు ఫట్టుమంది. చక్రం మోకాలు మడిచినట్టు లోపలికి మడుచుకుంది. కారు ఈడ్చుకుంటూ ఇసుకలోకి పోయి ఆగింది. నాకేం కాలేదు. మేనేజరు మణికట్టు విరిగింది.

అతను ఆ చేతిని రెండో చేత్తో పట్టుకుని కిందికి దిగి, వేలాడుతున్న బ్రాకెట్టు చూశాడు. నంబరు చూశాడు.

"ఇది మన ముప్పై ఒకటేనా?"

అవును కాదు అని రెండే జవాబులున్న ప్రశ్న. కాదంటే నంబరు ఎవరు రాశారని అడుగుతాడు. సైటులో ఒకరి నంబరు ఇంకొకరు రాస్తే ఆ రోజే ఉద్యోగం పోతుంది.

"అవును" అన్నాను.

"పైపులకి కూడా ఇలాగే వేస్తున్నాడా?"

మర్నాటి నుంచి అతన్ని పైపుల పని నుంచి తప్పించారు. గత మూడు నెలల్లో అతను వేసిన అతుకులన్నిటికీ మళ్లీ ఎక్స్‌రే తీయించారు. ఆ ఫిల్ములు నా బల్ల మీదికే వచ్చాయి. ఒక్కటీ ఫెయిల్ కాలేదు.

ఆ వారంలోనే అతను మా ఆఫీసుకి వచ్చాడు. తలుపు దగ్గర చెప్పులు విప్పబోతే వద్దన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు.

"మేనేజరు నన్ను అడిగిండు సార్, నంబరు నీదేనా అని."

"ఏం చెప్పావు?"

"నంబరు నాదే అన్న. ఇంకేం చెప్పాలె? మీరు రాసిండ్రు అంటే సాకు చెప్తున్నడంటరు. మీ నోటితోటి మీరు చెప్తే మాటకు విలువుంటది. ఫోర్‌మన్ పోతే పోనియ్ సార్. గది మాత్రం నేను కొట్టలేదని చెప్పుండ్రి. గంతే."

"చూద్దాం. ఎక్స్‌రేలు బాగా వచ్చాయి కదా, అంతా సర్దుకుంటుంది" అన్నాను.

అతను నా ముఖంలోకి చూశాడు. నేను ఫిల్ముల వైపు చూశాను.

మేనేజరుకి ఉత్తరం మూడుసార్లు టైపు చేశాను. మూడుసార్లూ చెరిపేశాను. ఎక్స్‌రేలే అతని తరఫున మాట్లాడతాయని నాకు నేను చెప్పుకున్నాను. మేనేజరుకి కనిపించింది వేరు. కంపెనీ ఇప్పించిన ఇఖామా అనే నివాస పర్మిట్ మీద ఉన్నవాడు బయట పనిచేశాడు, అదీ పాడుగా చేశాడు. చేయించుకున్న నన్ను మందలించి వదిలేశారు. అతనికి కాంట్రాక్టు పొడిగించలేదు, ఇక తిరిగి రాకుండా ఫైనల్ ఎగ్జిట్ వీసా కొట్టారు. అతను వెళ్లే రోజు నేను పని కల్పించుకుని సైటు చివర ఉన్న ట్యాంకుల దగ్గరికి పోయాను. తిరిగొచ్చేసరికి ఎయిర్‌పోర్టు బస్సు వెళ్లిపోయింది.

కారుని మళ్లీ నిలబెడదామని ఒక ఫిలిప్పీన్స్ వెల్డర్ని పిలిచాను. అతను బ్రాకెట్టు ఊడిన చోటు చూసి తల అడ్డంగా ఊపాడు. తర్వాత మిగిలిన చాసీ అంతా టార్చిలైటు వేసి చూసి, "ఇవన్నీ వేసినవాడే ఇదీ వేశాడంటే నేను నమ్మను సార్" అన్నాడు. అంత తేలిగ్గా కనిపించే సంగతి అది. అతనికి చాయ్ ఇచ్చి పంపేశాను. ఆ కారు మళ్లీ నడపలేదు.

ఇంకో ఏడాదికి నేను ఆ కంపెనీ వదిలేశాను. ఆఖరి రోజు, నా కాగితాలన్నీ చేతికొచ్చాక, ఇక పోయేదేమీ లేదని తేలాక, మేనేజరు గదికి వెళ్లి జరిగింది చెప్పాను. అతను మణికట్టు నిమురుకుంటూ విన్నాడు. "ఇప్పుడు చెప్పి నన్నేం చేయమంటావు?" అన్నాడు. నేను బయటికొచ్చాను.

క్యాంపులో జగిత్యాల వాళ్ల దగ్గర నంబరు సంపాదించి మర్నాడు ఫోన్ చేశాను. అతను ఊళ్లో గేట్లు, కిటికీ గ్రిల్లులు చేసే షాపులో పనికి కుదిరాడట. వెనక గ్రైండరు మోత. నేనెవరో చెప్పాను.

"సార్! బాగున్నరా? కారు నడుస్తున్నదా?"

"లేదన్నా. మీతో ఒక మాట చెప్పాలి." అన్నా అనీ మీరు అనీ ఆ మనిషిని పిలవడం అదే మొదటిసారి. "మేనేజరుకి చెప్పాను. ఆ అతుకు నాదని, నంబరు నేనే రాశానని."

గ్రైండరు ఆగింది. ఎవరినో ఆగమన్నట్టున్నాడు.

"ఎప్పుడు చెప్పిండ్రు?"

"నిన్న."

వెనక గ్రైండరు మళ్లీ మోగింది.

"మీ కళ్లెలా ఉన్నాయి?" అన్నాను.

"సగం సగం సార్. గేట్లకు ఎక్స్‌రే ఎవరు తీస్తరు, నడుస్తున్నది. మంచిది సార్. పని మీదున్న. పెడ్తున్న."

పెట్టేశాడు. క్షమించమని అడగాలని కాగితం మీద రాసుకుని మరీ చేశాను ఆ ఫోను. ఆ కాగితం చేతిలోనే ఉంది. మళ్లీ చేసే ధైర్యం నాకు రాలేదు.