జూరకాన్‌కు ఏటా ఓ కొత్త సవతి

కాసిమాలికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి: బండికి ఇంజను మార్చడం. వసంతం రాగానే నారిన్ కొండల్లో అందరూ గొర్రెల ఉన్ని కత్తిరిస్తుంటే, ఈయన తన పాత వ్యాను పొట్ట కోసేవాడు. అది అచ్చం రొట్టెలా ఉంటుందని ఊళ్లో దాన్ని రొట్టె బండి అనేవారు. వెనక మంచం, పొయ్యి, గిన్నెల అర అన్నీ ఆయనే బిగించుకున్నాడు. ఏటా వేసవికి కొండ మీది సోన్‌కుల్ పచ్చికలకు చేరి గుడారం వేసేదాకా మొగుడూపెళ్లాలకు అదే ఇల్లు.

ఆ బండికి ఇంజను ముందుభాగంలో ఉండదు. డ్రైవరు సీటుకూ పక్క సీటుకూ నడుమ, ఇనప మూత కింద ఉంటుంది.

"నాకూ మా ఆయనకూ మధ్య సవతి కూర్చుందమ్మా. అదీ ఏటా కొత్తది!" అని జూరకాన్ ఊరంతా చెప్పుకునేది.

అందులో అబద్ధమేమీ లేదు. మొదటి సవతి లారీ డీజిలు. అది కదిలితే గిన్నెలో పెరుగు చిలక్కుండానే వెన్న తేలేది. రెండోది జర్మన్ కారుది. కనుమ ఎక్కేసరికి కుతకుతలాడి ఇద్దరి మోకాళ్లూ ఉడికించింది. మూడోదాని అరుపుకు గుర్రాలు తాళ్లు తెంపుకున్నాయి. అక్కడి ఆచారం ప్రకారం కొత్త కోడలి ముసుగు తీసి చూస్తే కానుక ఇవ్వాలి కదా, ఊరి పెద్దలు మూత ఎత్తి చూసి ప్రతి ఇంజనుకూ ఓ మిఠాయో, ఓ నట్టో చదివించుకునేవారు.

"పిల్ల బలంగా ఉందిరా!"

"నోరే మరీ పెద్దది," అని కాసిమాలి దిగులుగా తల ఊపేవాడు.

జూరకాన్ నవ్వేది గానీ లోపల బాధ ఉండేది. ఇంట్లో ఎప్పుడూ చుట్టాలు, కొండ మీద గుడారం నిండా అతిథులు. మొగుడితో నాలుగు మాటలాడుకునే వీలు ఆ దారిలోనే. అక్కడ ఇంజను హోరు. పోయినేడు గొంతు చించుకుని, "నేను పోతే ఏమైపోతావయ్యా?" అని అడిగితే, "అలాగే, తప్పకుండా!" అన్నాడా మహానుభావుడు. ఇక ఆ బండి ఎక్కనని ఆవిడ ఆరోజే ఒట్టు పెట్టుకుంది.

ఈ ఏడు కాసిమాలి జపాన్ కారు ఇంజనొకటి తెచ్చాడు. అది పాత గేరుపెట్టెకు అతకదు. మధ్యలో ఇనప పలక కోయించాడు, కుదరక మళ్లీ కోయించాడు. ఇంజను పొడుగెక్కువై మూత పట్టకపోతే మూతనే కోసి పెద్దది చేశాడు. ఆ రోజుల్లోనే జూరకాన్ స్వయంగా ఒత్తిన ఉన్ని గొంగళి మాయమైంది. ఆవిడ ఊరి కుక్కల్ని కూడా అనుమానించింది.

కొండకు బయల్దేరే రోజు ఊరంతా బండి చుట్టూ మూగింది. జూరకాన్ తమ్ముడు తెమిర్‌కుల్ తన కారు తలుపు తీసి, "రా అక్కా," అన్నాడు. కాసిమాలి తాళం తిప్పాడు. చప్పుడే లేదు.

"బావా, నీ కొత్త పెళ్లికూతురు నిద్ర లేవనంటోంది!" తెమిర్‌కుల్ పగలబడి నవ్వాడు.

"లేచిందిరా. నడుస్తోంది."

ఎవరూ నమ్మలేదు. ఓ పెద్దాయన మూత ఎత్తాడు. ఫ్యాను గిర్రున తిరుగుతోంది. మూత లోపలంతా దట్టంగా అతికించిన ఉన్ని గొంగళి.

"నా గొంగళి!" జూరకాన్ ఒక్క గెంతులో సీటెక్కి దాన్ని పట్టి లాగింది. అతుకు ఊడలేదు. మూత దబ్బున మూసి కూలబడి, తనలో తాను గొణుక్కుంది. "ఏం మనిషో. పెళ్లాం మాట ఒక్కటి చెవికెక్కదు."

"ఎక్కిందే," అన్నాడు కాసిమాలి. "ఇన్నేళ్లూ ఇంజన్లు మార్చింది అందుకే కదా. ఏది పెట్టినా నీ గొంతు మింగేసేది."

ఊరంతా చెవులు రిక్కించింది.

"అక్కా, రావా?" అన్నాడు తెమిర్‌కుల్.

ఆవిడ కిటికీలోంచి తల బయట పెట్టి, నాలుగు వీధులకు వినపడేలా అంది. "ఈ జిల్లాలో ఇలాంటి ఇంజను ఇంకెవడైనా పెట్టాడేమో కనుక్కుని రండి! మా ఆయన పెట్టాడు!" తలుపు దభీమని మూసుకుంది.

దారి పొడుగునా గొంగళి గురించి తిడుతూనే ఉంది. ఆయన ఒక్కో తిట్టుకూ బదులు చెప్పాడు. కనుమ కనిపించేసరికి ఆవిడ చేత్తో ఆయన మోచెయ్యి తట్టింది.

"కాస్త నెమ్మదిగా పోనివ్వయ్యా. నేనింకా సగం కూడా తిట్టలేదు."