మెగ్గర్‌కు నేను పెట్టని పరీక్ష

జనగామ జిల్లాగా మారిన రెండో ఏడు, ఎండాకాలంలో, భూపాలపల్లిలో డివిజనల్ ఇంజినీరుగా ఉన్న నన్ను జనగామలో వైర్‌మన్ పర్మిట్ ప్రాక్టికల్ పరీక్షకు ఎగ్జామినర్‌గా వేశారు. చెల్పూర్ కరెంటు ప్లాంటులో మనిషెత్తు మోటార్లను పరీక్షించి వచ్చినవాణ్ని. ఇక్కడ బల్ల మీద పెట్టింది ఐదు హెచ్‌పీ ఇండక్షన్ మోటారు, బావుల దగ్గర ఉండే రకం. దాన్ని చూసి నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సాయంత్రం దాకా కూడా నిలవలేదని ముందే చెప్పేస్తున్నాను.

మొదటిది ఇన్సులేషన్ పరీక్ష. మెగ్గర్ అనే చేత్తో తిప్పే మీటరు తీగల్లో ఒకటి మోటారు లోపలి తీగచుట్టకు, అంటే వైండింగ్‌కు, ఇంకొకటి మోటారు బాడీకి తగిలించి పిడి తిప్పాలి. ముల్లు అనంతం వైపు పోతే బాడీలోకి కరెంటు రాదు, మోటారు క్షేమం. సున్నా దగ్గర పడితే ప్రమాదం. పొద్దున్నే ఒకసారి తిప్పి, అనంతం చూసి, జవాబు కాగితం మీద దర్జాగా రాసుకున్నాను. మహబూబాబాద్ వైపు నుంచి వచ్చిన పదకొండు మంది అభ్యర్థులూ అదే రాశారు. ఎంత బాగా నేర్చుకున్నారో అని మురిసిపోయాను కూడా.

పన్నెండో అభ్యర్థి యాకమ్మ. వాళ్లకు కొడకండ్లలో మోటార్ వైండింగ్ షాపు ఉంది. పర్మిట్ భర్త పేరున ఉండేది. అతనికి చూపు మందగించాక మోటార్లు చుట్టేది ఆమే. ఊరి మంచినీళ్ల మోటార్ల పని పర్మిట్ ఉన్నవాళ్లకే ఇస్తామని పంచాయతీవాళ్లు చెప్పేశారట. ఈసారి తప్పితే ఆ పని వేరేవాళ్లకు పోతుంది.

ఆమె మోటారు జోలికి పోకుండా, మెగ్గర్ క్లిప్పులు రెండూ ఒకదానికొకటి కలిపి పిడి తిప్పింది. అలా చేస్తే ముల్లు సున్నాకు రావాలి. రాలేదు.

"సార్, జర ఆగుండ్రి. గీ మీటరే సక్కగ లేదు. మా షాపుల ముందుగాల మీటరునే చూస్తం," అన్నది.

టైం వృథా చెయ్యకుండా రీడింగ్ రాయమన్నాను. రాయనని గడి ఖాళీగా వదిలేసింది. ఆ గడిలో సున్నా మార్కులు వేశాను. ఎర్ర పెన్నుతో, కాస్త గట్టిగానే.

మధ్యాహ్నం నో-లోడ్ పరీక్ష, అంటే బరువేమీ తగిలించకుండా మోటారు నడపడం. ఎలా చెయ్యాలో చూపిస్తానని ఒక చెయ్యి మోటారు మీద ఆనించి, ఇంకో చేత్తో స్టార్టర్ నేనే నొక్కాను. టప్పుమని మెయిన్ ఫ్యూజులు పోయాయి. హాల్లో ఫ్యాన్లన్నీ ఆగిపోయాయి. బాడీలోకి వచ్చిన కరెంటు ఎర్త్ తీగలోంచి నేలలోకి పోయింది కాబట్టి ఇది రాయడానికి మిగిలాను.

యాకమ్మ మెగ్గర్ తీగ విప్పి చూపించింది. పైతొడుగు బాగానే ఉంది, లోపల రాగి తెగింది. తీగ తెగిన మెగ్గర్ దేనికి తగిలించినా అనంతమే చూపిస్తుంది. ఆమె దాన్ని సరిచేసి, క్లిప్పులు కలిపి చూసుకుని, అప్పుడు మోటారుకు తగిలించింది. ముల్లు సున్నాకు పడింది. పోయిన వానాకాలమంతా ఆ మోటారు కప్పు కారే స్టోర్ రూములో నానిందట.

మీలో ఎవరికీ అనుమానం రాలేదా అని పదకొండు మందిలో పెద్దాయన్ని అడిగాను.

"అచ్చింది సార్. గని మీ మొఖం జూసి రాసినం," అన్నాడు.

అందరికీ వేరే మోటారుతో పరీక్ష మళ్లీ పెట్టాను. రిపోర్టులో 'కారణం' అన్న చోట, ఎగ్జామినర్ పరికరాన్ని సరిచూసుకోలేదని రాశాను. యాకమ్మకు వేసిన సున్నాను నేను కొట్టేసి పూర్తి మార్కులు వేస్తుంటే ఆమె బల్ల దగ్గరే నిలబడింది. "దిద్దినకాడ సంతకం గూడ పెట్టుండ్రి సార్," అన్నది. పెట్టాను. పర్మిట్ ఆమెకు వచ్చింది.

రిటైరయ్యేలోపు ఇంకా నాలుగుసార్లు ఎగ్జామినర్‌గా వెళ్లాను. ఎవరైనా గడి ఖాళీగా వదిలితే, సున్నా వేసే ముందు రెండు క్లిప్పులూ కలిపి పిడి తిప్పి చూసుకున్నాను.