అద్దం లోపల చెమ్మ

మొన్న వానలో క్యాబెక్కితే ముందు అద్దం లోపలి వైపు మసకబారిపోయింది. డ్రైవరన్న ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని రెండో చేత్తో పాతగుడ్డతో తుడుస్తున్నాడు, తుడిచినకొద్దీ మళ్లీ పడుతోంది. మామూలుగా అయితే ఏసీ వెయ్యమని కసిరేదాన్నే, ఆ రోజు ఎందుకో ఆ గుడ్డనే చూస్తూ కూర్చున్నాను. చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది గానీ, మనసు మాత్రం బాపట్లలో, గోడలకి మెత్తటి అట్టలు అంటించిన ఒక చిన్న రేడియో గదిలోకి వెళ్లిపోయింది.

మన వయసు వాళ్లలో రేడియో విన్నవాళ్లు ఎంతమందో తెలియదు, నేనైతే అందులో ఉద్యోగం చేసేదాకా వినలేదు. ఫిజిక్సులో ఎమ్మెస్సీ చేసి హైదరాబాదులో ఖాళీగా కూర్చుంటే, జనం అడిగే సైన్సు ప్రశ్నలకి జవాబులు చెప్పే మనిషి కావాలని బాపట్లలోని ఆ చిన్న రేడియో వాళ్లు అడిగారు, ఇంట్లో పోరు పడలేక ఒప్పేసుకున్నాను. ఏడాది నిండితేనే అనుభవం సర్టిఫికెట్ అన్నారు, కాబట్టి మధ్యలో పారిపోయే దారి లేదు. పొద్దునపూట అరగంట లైవు. మందపాటి తలుపు మీద ఎర్రలైటు వెలిగిందంటే ఇక బయటికి రాకూడదు. మైకు దగ్గర ఫోనుంటే గరగరమంటుందని ప్రోగ్రాం నడిపే అక్క ముందే నా ఫోను లాక్కునేది. మా మధ్య ఉన్న గాజు అద్దానికి అటుపక్క, ఆవిడ కాల్స్ కలిపే బల్ల మీద అది బోర్లా పడి ఉండేది. తెలియని ప్రశ్న వస్తే వెతుక్కునే వీల్లేక, దాన్ని అద్దంలోంచి చూస్తూ కూర్చోవడం నాకు జైలులాగే ఉండేది.

ప్రశ్నలు కూడా అలాంటివే వచ్చేవి. తెనాలి నుంచి ఒక బాబాయి కుండలో నీళ్లు ఎందుకు చల్లబడతాయని అడిగి, నేను చెప్పిందంతా విన్నాక, "అది కాదులే అమ్మాయ్, అంతా మట్టి మహత్యం" అని తీర్పిచ్చేవాడు. దుగ్గిరాల నుంచి ఒక పిన్ని పసుపు మరకకి సబ్బు తగిలితే ఎర్రగా ఎందుకవుద్దని అడిగి, జవాబు సగంలో ఉండగా పాలు పొంగుతున్నాయని లేచిపోయేది. నాకసలే తిక్క ఎక్కువ, లైవులోనే కసిరిన రోజులున్నాయి. అద్దం అవతల అక్క రెండు చేతులూ జోడించి నాకు దణ్ణం పెట్టేది.

అలాంటి ఒక ముసురు రోజున రేపల్లె నుంచి ఒకావిడ లైన్లోకి వచ్చింది. గొంతు బొంగురుగా ఉంది.

"మేడం, చల్లటి అద్దానికి లోపలేపు చెమ్మ ఎందుకు పడుద్దండి?"

నాకు హాయిగా అనిపించింది, ఇది నిద్దట్లో అడిగినా చెబుతాను. "ఫ్రిజ్జు తలుపు మాటిమాటికీ తీస్తున్నారన్నమాట. మీ ఇంట్లో తిండిపోతు ఎవరో ఉన్నారండి, ముందు వాళ్లని పట్టుకోండి," అన్నాను. అక్క కూడా నవ్వింది.

"తీసేది మా అమ్మండి," అందావిడ. "ఫ్రిజ్జు కాదండి, ఫ్రీజరు బాక్సు. లోపల మా నాన్నండి."

నా చెయ్యి దానంతటదే ఫోను కోసం బల్ల మీద తడుముకుంది. అక్క పాట వెయ్యనా అన్నట్టు వేలు చూపించింది. నేను తలూపేలోపే, మా అలవాటు తెలిసినట్టే, "పాట వెయ్యమాకండి మేడం, అమ్మ వింటంది," అందావిడ. నిజమే, వాళ్లింటి రేడియోలోంచి నా ఊపిరి చప్పుడు తిరిగి నా చెవిలోకే వస్తోంది.

అప్పుడు చెప్పిందావిడ. డాక్టరు రాత్రి చూసి ప్రాణం పోయిందని చెప్పి వెళ్లాడు, తెల్లారాక మళ్లీ పిలిపిస్తే వచ్చి చూసి అదే మాట చెప్పాడు. చీరాల నుంచి రావలసినవాళ్లు వచ్చేశారు, పాస్టరుగారు వచ్చి కూర్చున్నారు, సాయంత్రం సమాధి చెయ్యాలి. అద్దానికి పడ్డ చెమ్మ ఆయన ఊపిరేనని వాళ్లమ్మ ఎవరినీ బాక్సు దగ్గరికి రానివ్వడం లేదు. మొగుడూ పెళ్లాం రోజూ కలిసి మా ప్రోగ్రాం వినేవాళ్లట, ఆ రేడియో పిల్ల చెబితే నమ్ముతానందట.

చల్లటి పెట్టె మూత తీసినప్పుడల్లా మన ముసురుగాలి లోపలికి పోతుందనీ, అందులోని తేమే అద్దానికి పడుతుందనీ, నాకు చేతనైనంత మెల్లగా చెప్పాను. మధ్యలో ఫోను చేతులు మారింది.

"నువ్వు చూశావా అమ్మా?" ఇది తల్లి గొంతు.

"లేదండి. చూసింది డాక్టరుగారండి."

"మూత తియ్యకుండా ఉంటే పోద్దా?"

"పోతుందండి."

"తియ్యకుండా ఎట్టా ఉండేది? మొహం తుడవొద్దూ?"

 తలుపు పక్కనే ఉంది గానీ ఎర్రలైటు వెలుగుతోంది, లేచి వెళ్లలేను. చివరికి, ఒక్కసారి అద్దం తుడిచి మూత వేసి చూద్దామండి, అప్పటిదాకా నేను లైన్లోనే ఉంటాను అన్నాను. రేడియోలో నిశ్శబ్దం ఉండకూడదని రోజూ నన్ను తిట్టే అక్క, ఆ రోజు పాట వేసే బటన్ మీది నుంచి చెయ్యి తీసేసింది. అటు మూత పడిన చప్పుడు, ఎవరో ప్లాస్టిక్ కుర్చీ జరిపిన చప్పుడు, బాక్సు మోటారు రొద. ఆ చెమ్మ మళ్లీ రావాలని, నేను చెప్పింది పచ్చి తప్పవ్వాలని అక్కడ కూర్చుని కోరుకున్నాను.

కాసేపటికి ఆ తల్లి అంది. "రాలేదమ్మా."

నేను మైకుకి ఇంకాస్త దగ్గరగా జరిగాను.

"ఇంక తియ్యనులే," అని ఫోను కూతురికిచ్చేసింది. లైను తెగిపోయింది.

ఏడాది ఎలాగో పూర్తిచేసి వెనక్కి వచ్చేశాను. ఈమధ్య అక్క చెప్పింది, ఇప్పుడక్కడ లైవు లేదట, జనం వాయిస్ మెసేజీలు పంపితే మంచివి ఏరి, వారం తర్వాత రికార్డు చేసిన జవాబులు వినిపిస్తున్నారట. పద్ధతి బాగానే ఉంది, పాలు పొంగవు, తప్పులుండవు, ఆ గదిలో ఇప్పుడెవరూ ఇరుక్కోరు. కానీ సాయంత్రంలోగా తేలిపోవాల్సిన ప్రశ్న ఒకటి ఏ ఇంట్లోనైనా పుడితే, మూత మీద చెయ్యి వేసుకుని "నువ్వు చూశావా?" అని నిలదియ్యాలంటే, ఇప్పుడు అవతలి వైపు మనిషి లేడు.