నడుమెత్తు బంతి

యశ్వంత్ బ్యాక్‌హ్యాండ్ బలహీనమని అతని గురువు కంటే ముందు అతని ప్రత్యర్థులు కనిపెట్టారు. తప్పులు పట్టడంలో శత్రువుని మించిన పంతులు ఎవరున్నారు?

ఇరవై ఆరేళ్ళవాడు. పుట్టిందీ పెరిగిందీ బెంగళూరు హలసూరులో. టెన్నిసే బతుకుతెరువు. ప్రపంచ ర్యాంకుల పట్టికలో అతని పేరు చూడాలంటే ఫోను తెర మీద వేలు నొప్పి పుట్టేదాకా జరపాలి, కానీ పేరు మాత్రం ఉంది. కుడిపక్కకి వచ్చిన బంతిని అతను బాదితే అవతలి కోర్టువాళ్ళు కూడా తల తిప్పి చూస్తారు. అదే బంతి ఎడమపక్కకి వచ్చిందా, చెయ్యి అడ్డంగా తిప్పి కొట్టాల్సి వచ్చిందా, ఇక ఆ మనిషే వేరు. రాకెట్ బంతి కిందికి మెత్తగా జారుతుంది. బంతి నెట్ మీదుగా తీరిగ్గా తేలుకుంటూ వెళ్ళి అవతలివాడి నడుమెత్తున, కొత్తల్లుడికి వడ్డించినట్టు, చక్కగా అందుతుంది. అవతలివాడు ఊరుకుంటాడా? తృప్తిగా భోంచేసి పోతాడు.

ఇన్నాళ్ళూ ఈ లోపాన్ని కాళ్ళు దాచిపెట్టాయి. ఎడమకి వచ్చిన బంతికి కూడా చుట్టూ పరిగెత్తి కుడిపక్క దెబ్బే కొట్టేవాడు. జూనియర్లలో కప్పులన్నీ అట్లా వచ్చినవే. గెలుస్తున్నవాడికి నీ ఆటలో తప్పుందని ఎవరు చెబుతారు? చెప్పినా వాడెందుకు వింటాడు? పెద్దవాళ్ళ పోటీల్లోకి వచ్చాక బంతి వేగం పెరిగింది, చుట్టూ పరిగెత్తే వ్యవధి లేకుండా పోయింది. అప్పటినుంచీ ప్రతివాడూ అతని ఎడమపక్కకే కొట్టడం మొదలుపెట్టాడు.

ఆ మెత్తటి దెబ్బ యశ్వంత్‌కి తండ్రి నుంచి వచ్చింది. నారాయణప్ప కంటోన్మెంటు వైపు ఒక పాత క్లబ్బులో మార్కరుగా పనిచేశాడు. మార్కరంటే జీతానికి సభ్యులతో ఆడిపెట్టే మనిషి. జోడీ దొరకని జడ్జిగారికి జోడీ, చెమట పట్టాలనుకున్న డాక్టరుగారికి చెమట, అంతే. మోకాళ్ళు మొరాయించేదాకా ముప్ఫై ఏళ్ళు ఆయన అదే పని చేశాడు. సోమవారం క్లబ్బుకి సెలవు కాబట్టి ఆ రోజు కొడుకుని కోర్టుకి తీసుకుపోయి తనకి తెలిసిన విద్యంతా నేర్పాడు.

"సారు వంగకూడదు, పరిగెత్తకూడదు. బంతి ఆయన నడుమెత్తున పోవాల. ఈ పొద్దు బాగా ఆడినానని అనుకుంటా ఇంటికి పోతే కదప్పా, రేపు మళ్ళా వచ్చేది!"

సభ్యుడు మంచి దెబ్బ కొడితే మార్కరు వెంటనే "గుడ్ షాట్ సార్" అనాలి. ఈ మాట నారాయణప్ప నోట్లో ఎంతగా నాటుకుపోయిందంటే, ఒకసారి బంధువుల పెళ్ళిలో ఎవరో దూరం నుంచి విసిరిన అక్షింతలు సరిగ్గా పెళ్ళికొడుకు తలమీద పడేసరికి, పంతులుగారి మంత్రాల మధ్యలో ఆయన పైకే అనేశాడు. ఆ కథ ఇప్పటికీ చుట్టాలిళ్ళలో నడుస్తూనే ఉంది. అందరితో పాటు ఆయనా నవ్వుతాడు. కానీ అన్నేళ్ళు ఆడిన మనిషి గెలవాలని ఒక్క ఆట కూడా ఆడలేదు. తాను ఎంతటి ఆటగాడో ఆయనకే తెలియదు.

యశ్వంత్ గురువు పద్మనాభం ఒకప్పుడు రాష్ట్రానికి ఆడినవాడు. మాటలో కారం కాస్త ఎక్కువ.

"నీ చేతికి బలం లేక కాదురా, మర్యాద ఎక్కువై ఓడిపోతున్నావు. రాకెట్ పట్టుకునే పట్టే మార్చెయ్యాలి. కొన్నాళ్ళు మ్యాచులు మానెయ్. అపార్టుమెంటువాళ్ళతో ఆడిపెట్టే ఆ పొద్దుటి ఉద్యోగం కూడా మానెయ్" అన్నాడు.

చెప్పడం తేలికే. ఆడకుండా కూర్చుంటే కూడబెట్టుకున్న ర్యాంకు పాయింట్లు రాలిపోతాయి, పోటీల్లోకి రానివ్వరు. మారుస్తూ ఆడితే వరసగా ఓటములు, అప్పుడూ పాయింట్లు రాలిపోతాయి. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చివరికి ఇద్దరూ ఒక ఒప్పందానికి వచ్చారు. వానలు తగ్గాక బెంగళూరులోనే జరిగే పోటీకి అర్హత తేల్చే క్వాలిఫయింగ్‌లో యశ్వంత్‌కి చోటు ఉంది. అప్పటిదాకా ఎక్కడా ఆడకుండా బ్యాక్‌హ్యాండ్ మార్చుకోవాలి. ఆ పోటీలో కొత్త దెబ్బ పనికి రాకపోతే ఇక ఊళ్ళు తిరగడం మానేసి పిల్లలకి ఆట నేర్పుకుంటానని తల్లి సుశీలకి మాటిచ్చాడు.

పొద్దుటి ఉద్యోగం మాత్రం మానలేదు. రోజూ తెల్లవారగానే రాకెట్ల సంచీతో మెట్రో ఎక్కి కుందలహళ్ళిలో దిగి బ్రూక్‌ఫీల్డ్‌లో ఒక పెద్ద అపార్టుమెంటుకి వెళతాడు. అక్కడ లలిత్ లాంటివాళ్ళు ఆఫీసు పనికి కూర్చునే ముందు కాసేపు ఆడతారు. లలిత్ గుంటూరువాడు, ఐటీ మేనేజరు, నలభైకి దగ్గరపడుతున్నాడు. అతనికి బంతి నడుమెత్తున రావాలి. వస్తుంది. ఎందుకు మానవని గురువు అడిగితే యశ్వంత్ అదీ ఇదీ అని సాకులు చెప్పేవాడు, ఇల్లు గడవాలి కదా అనేవాడు. అది నిజమే గానీ పూర్తి నిజం కాదు. ఆ కోర్టులో అతనంటే అందరికీ ఇష్టం. అక్కడ అతను ఎవర్నీ గెలవక్కర్లేదు, ఎవరి చేతిలోనూ ఓడక్కర్లేదు. ఊళ్ళన్నీ తిరిగి మొదటి రౌండ్లలోనే ఓడి వచ్చేవాడికి ఆ గంట మందులా పనిచేసేది.

కాబట్టి పద్మనాభం మధ్యాహ్నమంతా ఉతికి ఆరేసిన గుడ్డని యశ్వంత్ మర్నాడు పొద్దున్నే బ్రూక్‌ఫీల్డ్‌లో మళ్ళీ మురికి చేసేవాడు.

అయినా కొత్త దెబ్బ వచ్చింది. మొదట్లో బంతులు కంచె దాటి పక్క స్థలంలో పడ్డాయి. మణికట్టు వాచింది. తరవాత ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి టప్‌మని చప్పుడైంది. బంతి నెట్ మీద అంగుళం ఎత్తున దూసుకుపోయి గీత మీద పడింది. పద్మనాభం ఇంకో బంతి వేశాడు. అదీ అంతే. అప్పటినుంచి యశ్వంత్‌కి కుదురు పోయింది. కాలు కాలిన పిల్లిలా ఇంట్లో తిరిగేవాడు. మెట్రోలో కమ్మీ పట్టుకుంటే కొత్త పట్టు, పళ్ళు తోముకుంటే కొత్త పట్టు. దెబ్బ ఉందో పోయిందో అని గంటకోసారి గాలిలో చెయ్యి ఊపి చూసుకునేవాడు.

"ఆ గరిటె ఇట్లియ్యప్పా, దాన్ని కూడా తిప్పి తిప్పి పట్టుకుంటా ఉండావు. సాంబారంతా నేల మీదే ఉండాది" అని సుశీల లాక్కుంది.

పోటీ ఆదివారం వచ్చింది. అవతల పూణే కుర్రాడు. మొదటి సెట్ యశ్వంత్ గెలిచాడు. రెండు మూడు సార్లు కొత్త బ్యాక్‌హ్యాండ్ కొట్టాడు కూడా, పద్మనాభం కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. రెండో సెట్ పోయింది. మూడో సెట్‌లో ఇద్దరూ సమానంగా వచ్చి ఇక ఒకటి రెండు పాయింట్లలో తేలిపోతుందనగా, ఆ కుర్రాడు ఎడమపక్కకి కొట్టి నెట్ దగ్గరికి ఉరికాడు. కొట్టు అంది యశ్వంత్ మనసు. చెయ్యి పాత పట్టుకి జారిపోయింది. బంతి తీరిగ్గా తేలుకుంటూ వెళ్ళి కుర్రాడి నడుమెత్తున అందింది. తరవాతి బంతీ అంతే, ఆ తరవాతిదీ అంతే. మ్యాచ్ పోయింది.

పాపం, చేతిని మాత్రం ఏమనగలం? భయం వేసినప్పుడు మనిషి అమ్మా అంటాడే గానీ మొన్న నేర్చుకున్న భాషలో కేక పెట్టడు. చేతులూ అంతే. పద్మనాభం తిట్టను కూడా తిట్టలేదు. సంచీ భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున యశ్వంత్ అలవాటు ప్రకారం బ్రూక్‌ఫీల్డ్‌లో ఉన్నాడు. లలిత్ హుషారుగా వచ్చాడు.

"యశ్వంత్! నిన్న నీ మ్యాచ్ చూశా, ఫ్యామిలీతో వచ్చాం. ఏం ర్యాలీస్ బాబూ! లాస్ట్‌లో అయితే లిటరల్లీ నాతో ఆడినట్టే ఆడావ్. సేమ్ టు సేమ్!"

పొగిడాననే అనుకున్నాడు లలిత్. యశ్వంత్‌కి ఒళ్ళు మండిపోయింది. లలిత్ వేసిన మొదటి బంతి ఎడమపక్కకే వచ్చింది. టప్‌మంది. లలిత్ రాకెట్ ఎత్తేలోపు బంతి వెనక కంచెకి తగిలింది. "ఓహ్, సూపర్!" అని నవ్వాడు లలిత్. రెండోదీ అంతే, ఈసారి నవ్వు సగమే వచ్చింది. మూడోది అతని మోకాలి పక్కనుంచి పోయింది.

"ఏమైంది ఇవాళ? నేను వర్కవుట్ కోసం వస్తున్నా యార్, బాల్స్ ఏరుకోవడానికి కాదు."

"సారీ సార్" అన్నాడు యశ్వంత్. తరవాతి బంతి నడుమెత్తున ఇద్దామనుకున్నాడు. చెయ్యి వినలేదు, నాలుగోదీ కంచెకి పోయింది. నిన్న కావాలంటే రాని దెబ్బ ఇవాళ వద్దంటే వస్తోంది! తిరుగు మెట్రోలో ఉండగానే అపార్టుమెంటువాళ్ళ వాట్సాప్ గ్రూపులో లలిత్ సందేశం వచ్చింది, కోచ్‌కి కొన్నాళ్ళు బ్రేక్ ఇద్దాం గైస్ అని. చూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. కూర్చోలేక, నిలబడలేక, ఖాళీగా ఉన్న బోగీలో ఆ చివరి నుంచి ఈ చివరికి తిరిగాడు.

ఇంటికొచ్చి సంచీ మూలన పడేశాడు. "ముగిసిపాయెమ్మా. ఇంక యాడన్నా పిల్లోళ్ళకి నేర్పిస్తా" అన్నాడు. బ్రూక్‌ఫీల్డ్ సంగతి కూడా చెప్పాడు. సుశీల లోపలికి వెళ్ళి టిఫిను తెచ్చిపెట్టింది. మెట్టు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటున్న నారాయణప్ప మాత్రం తలెత్తాడు.

"ఆ సారు మీద కొడితివా? ఎడమపక్కనా?"

"ఊఁ."

"పోయినాయా?"

"అన్నీ పోయినాయి నాయనా."

నారాయణప్ప మోకాలికి పట్టీ తొడుక్కున్నాడు. అటక మీది పాత రాకెట్ దించమన్నాడు. "ఈ పొద్దు సోమవారం. క్లబ్బులో ఎవురూ ఉండరు. రాప్పా."

ఎర్రమట్టి కోర్టు తడిగా, ఖాళీగా ఉంది. తండ్రి అవతల నిలబడి యశ్వంత్ ఎడమపక్కకి బంతి వేశాడు. యశ్వంత్ మెత్తగా తిప్పి ఇచ్చాడు, నడుమెత్తున. మళ్ళీ వేశాడు. మళ్ళీ అదే. కుంటుతూ నిలబడ్డ తండ్రి మీద ఎట్లా కొడతాడు?

"నేనేం సారునా? కొట్టప్పా!"

"నీ మోకాలు నాయనా..."

నారాయణప్పకి కోపం వచ్చింది. కొడుకు మెత్తగా ఇచ్చిన బంతి ఎడమపక్కకి రాగానే నిలబడ్డ చోటి నుంచే భుజం తిప్పి కొట్టాడు. బంతి యశ్వంత్ పక్కనుంచి ఈలవేసుకుంటూ పోయి మూల గీత మీద పడింది. యశ్వంత్ నోరు తెరుచుకుని వెనక్కి చూశాడు. పుట్టి బుద్ధెరిగాక తండ్రి అట్లా కొట్టగా చూడలేదు.

"ఇన్నాళ్ళూ ఈ దెబ్బ యాడ పెట్టింటివి నాయనా?"

"లోపలే ఉండాది. ఎవురి మీద కొట్టాల?" అన్నాడు నారాయణప్ప, ఆయాసపడుతూ. "నీకు ఇచ్చేది నేర్పిస్తిని, కొట్టేది నేర్పీలేదు. ఇంక నా మీదే నేర్చుకో. రా."

ఇంకో బంతి వేశాడు. ఈసారి యశ్వంత్ పట్టు మార్చాడు, భుజం తిప్పాడు, కొట్టాడు. బంతి తండ్రి రాకెట్‌కి జానెడు దూరంలోంచి దూసుకుపోయి కంచెకి తగిలింది.

"గుడ్ షాట్ సార్!" అన్నాడు నారాయణప్ప.

 ఆ మాట నాయన తనని కూడా అంటాడని యశ్వంత్ ఎప్పుడూ అనుకోలేదు. ఏమన్నాడో తండ్రికి తెలిసినట్టు లేదు, అప్పటికే ఇంకో బంతి వేసేశాడు. యశ్వంత్ చెయ్యి దానంతటదే పాత పట్టుకి జారింది. బంతి తేలుకుంటూ వెళ్ళి తండ్రి నడుమెత్తున అందింది.

నారాయణప్ప దాన్ని కొట్టలేదు. చేత్తో పట్టుకుని ఆట ఆపేశాడు. కొడుకు ముఖం చూశాడు.

"ఏమప్పా? ఇప్పుడు నేనేమంటిని?"

"గుడ్ షాట్ అంటివి నాయనా."

"సార్ అంటినా?"

యశ్వంత్ రాకెట్ తీగలు వేళ్ళతో సరిచేసుకుంటూ నిలబడ్డాడు. నారాయణప్ప బంతికి అంటిన ఎర్రమట్టిని చొక్కాకి తుడిచాడు, చాలాసేపు తుడిచాడు.

"సరే. జారేది నీకు చెయ్యి, నాకు నోరు" అన్నాడు. "ఇంకోటి వేస్తా. నేను నోరు మూసుకుంటా, నువ్వు కొట్టు."

బంతి వచ్చింది. కళ్ళు మసగ్గా ఉన్నా యశ్వంత్ కొట్టాడు. టప్‌మంది. బంతి తండ్రి పక్కనుంచి పోయి కంచెకి తగిలి కింద పడింది. నారాయణప్ప రెండు పెదాలూ పళ్ళ కింద బిగబట్టుకుని, జేబులోంచి ఇంకో బంతి తీశాడు.