తక్కెడ తాతగారి నిమ్మకాయ బిల్లు

తక్కెడ తాతగారికి ఈ లోకంలో తేల్చుకోలేని విషయం ఒక్కటే: కొన్నదానికి డబ్బు కార్డుతో ఇవ్వాలా, ఫోన్‌తో ఇవ్వాలా అన్నది. మిగతా వాటిలో ఆయన మహా చురుకు. ఉంటున్న ఇల్లు ఒక్క పూటలో చూసి కొనేశారు. కూతురి పెళ్ళి సంబంధం కాఫీ చల్లారేలోగా ఖాయం చేశారు. సూపర్ మార్కెట్లో నిమ్మకాయ పట్టుకుని కౌంటరు ముందు నిలబడితే మాత్రం ఆయన బుర్ర కాసేపు ఇటు మొగ్గేది, కాసేపు అటు మొగ్గేది. అందుకే ఒకటో కౌంటరు అమ్మాయి ఆయనకి ఆ పేరు పెట్టింది.

ఆ అమ్మాయి కూడా ఆషామాషీ మనిషి కాదు. ఆమె చేతిలో సబ్బులూ డబ్బాలూ బీప్ బీప్‌మంటూ పరిగెత్తేవి. మూడు నెలలుగా ‘వేగం’ అని రాసి ఉన్న నక్షత్రం బ్యాడ్జి ఆమె చొక్కాకే ఉంది. బిల్లుకి సగటు నిమిషం దాటనంతవరకే ఆ బ్యాడ్జి; అది ఉన్నవాళ్ళకి నెలకో ఆదివారం అదనంగా సెలవు. అలాంటి అమ్మాయి ముందుకే తాతగారు రోజుకి నాలుగుసార్లు తయారయ్యేవారు. పొద్దున నిమ్మకాయ, పదకొండింటికి అగ్గిపెట్టె, మూడింటికి సబ్బు, సాయంత్రం మరో నిమ్మకాయ. పక్కన రెండో కౌంటరు ఖాళీగా ఉన్నా అటు తొంగిచూసేవారు కాదు.

“కార్డా, ఫోనా తాతగారూ?”

“అదేనమ్మా నేనూ చూస్తున్నాను. కార్డు పోతే బ్యాంకుకి ఫోన్ చేస్తాం. ఫోన్ పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలి? అసలు దేంతో చెయ్యాలి?”

“అయితే కార్డివ్వండి.”

“ఇద్దును గానీ, దానికి నాలుగంకెలు గుర్తుండాలి. ఫోన్‌కి వేలు పెడితే చాలు. వేలు మర్చిపోయి రాను కదా?”

“సరే, ఫోన్ తియ్యండి.”

“తీశాను. కానీ చూడమ్మాయ్, డబ్బొచ్చినా ఇది టింగుమంటుంది, పోయినా టింగుమంటుంది. పోయినప్పుడు కాస్త ఏడుపు గొంతు పెట్టొచ్చు కదా!”

వెనకనున్న ట్యాక్సీ డ్రైవరు నెత్తి కొట్టుకున్నాడు. “పెద్దాయనా, ఆ నిమ్మకాయ డబ్బులు నేనిస్తాను. దారివ్వండి!”

“సంతోషం నాయనా. కార్డుతో ఇస్తావా, ఫోన్‌తోనా?”

ఒకరోజు ఏకంగా అగ్గిపెట్టె ఖరీదులో సగం కార్డు మీదా, సగం ఫోన్ మీదా తీసుకోమన్నారు. రెండిటికీ చిన్నతనం కాకూడదట. మిషను రెండుసార్లు ఆగిపోయింది. ఆ అమ్మాయి నవ్వు ఎప్పుడో ఆగిపోయింది.

ఆమె కోపానికి కారణం గోడ మీద వేలాడుతోంది. కొత్త మేనేజరు వస్తూనే కౌంటర్ల పైన ఒక బోర్డు పెట్టించాడు. ఆ నెలలో ఒక్కో బిల్లుకి ఏ కౌంటరు సగటున ఎన్ని సెకన్లు తీసుకుంటోందో అందులో అందరికీ కనిపించేది. నెలాఖరుకి రెండు కౌంటర్ల మధ్య తేడా ముప్పై సెకన్లు దాటితే వెనకబడినవాళ్ళు ఇంటికి పోవాల్సిందేనని దాని కిందే రాయించాడు.

వెనకబడేది ఎవరో చెప్పక్కర్లేదు. రెండో కౌంటరు అక్క నలభై ఎనిమిదో ఏట ఉద్యోగంలో చేరింది. ఇద్దరు పిల్లల చదువూ ఆవిడ జీతం మీదే నడుస్తోంది. మీటలన్నీ ఒకే వేలితో నొక్కేది. అదైనా ఫర్వాలేదు గానీ, వచ్చినవాళ్ళని “మీ మోకాలు ఎలా ఉంది?” అని అడిగి, జవాబు మొత్తం వినేది. మోకాలి కథ సెకన్లలో తేలుతుందా?

“అక్కా, కాస్త చెయ్యి కదుపు. తేడా ముప్పై నాలుగుంది,” అని అమ్మాయి హెచ్చరించేది.

“కదుపుతూనే ఉన్నానే. వేలు ముసలిదైపోయింది,” అని ఆవిడ నవ్వేసి, బోర్డువైపు చూసి, నవ్వు ఆపేసేది.

నెల ఇంకో వారంలో ముగుస్తుందనగా ఆ అమ్మాయి మధ్యాహ్నం భోజనం వేళ ఎదురుగా ఉన్న మందుల షాపుకి వెళ్ళింది. ఆమెకి ముందు తక్కెడ తాతగారున్నారు. ఇక నా తలనొప్పి మాత్ర అందినట్టే అనుకుని ఆమె గోడకి చేరబడింది. తాతగారు మందు అందుకున్నారు, ఫోన్ చూపించారు, టింగుమంది, బయటికి నడిచారు. మొత్తం మూడు సెకన్లు.

“ఈయన ఎప్పుడూ ఇంతేనా?” అని షాపాయన్ని అడిగింది.

“ఎంత? ఆయనంత చకచకా ఇచ్చేవాళ్ళు మా దగ్గర ఇంకొకరు లేరమ్మా!”

ఆమె మాత్ర సంగతి మర్చిపోయి బయటికి పరిగెత్తి, తాతగారికి అడ్డంగా నిలబడింది.

“ఏం తాతగారూ! ఫోన్ పోతే ఎవరికి ఫోన్ చెయ్యాలో ఇవాళ తెలిసిపోయిందా?”

“దొరికిపోయాను,” అన్నారు తాతగారు.

“నేను మీకేం అపకారం చేశాను? నా బ్యాడ్జి పోతోంది మీవల్ల!”

“నువ్వేం చెయ్యలేదమ్మా. నువ్వు చాలా వేగం. అక్కడే వచ్చింది చిక్కు.” ఆయన మందు పొట్లం జేబులో పెట్టుకున్నారు. “ఒకరోజు మీ అక్క దగ్గర నా సంచి చిరిగి సామానంతా కిందపడింది. ఆవిడ బిల్లు ఆపి, సొరుగులోంచి సూదీ దారం తీసి కుట్టిచ్చింది. తలెత్తి చూద్దును కదా, బోర్డు మీద ఆవిడ అంకె ఎర్రబడింది.”

“దానికి నన్ను సతాయించాలా?”

“ఆవిడని పరిగెత్తించడం నావల్ల కాదు. నిన్ను ఆపడం నావల్ల అవుతుంది. తేడా ఎలాగైనా తగ్గాలి కదా!”

ఆ లెక్కని ఆమె వేళ్ళ మీద వేసి చూసుకుంది. తాతగారే మళ్ళీ అందుకున్నారు. “ముప్పై ఏళ్ళు మిల్లులో టైమ్ కీపరుగా చేశానమ్మా. రెండు నిమిషాలు ఆలస్యమైతే ఎర్రసిరా. నా ఎర్రసిరాతో పదకొండు మంది ఇంటికి పోయారు. గడియారం చూశాను గానీ ఒక్కళ్ళ మొహమూ చూడలేదు. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.”

ఆమె, “మరి ఆ నిమ్మకాయలన్నీ ఏం చేస్తున్నారు?” అంది.

“అదే అడక్కు. ఇంట్లో బుట్టెడున్నాయి. మా ఆవిడ నన్ను డాక్టరుకి చూపిస్తానంటోంది.”

ఆ వారంలో తాతగారు ఎంత పోరాడారో నిమ్మకాయలకే తెలియాలి. తీరా నెలాఖరు రోజున మేనేజరు ఆయన మీద ఫిర్యాదులన్నీ చదివి, ఒకటో కౌంటరు దగ్గర ఒక కాగితం అంటించాడు: ‘ఎలా చెల్లిస్తారో ముందే తేల్చుకుని వరుసలోకి రండి.’ చాలదని తాతగారిని గుమ్మంలోనే పట్టుకుని, ఇంకొక్కసారి వరుస ఆపితే లోపలికి రానివ్వనన్నాడు. బోర్డు మీద తేడా ముప్పై ఒకటి. అక్క పొద్దుటి నుంచీ ఎవరి మోకాలూ అడగలేదు. తొందరలో ఒకే డబ్బాని రెండుసార్లు బిల్లు చేసి, మళ్ళీ కొట్టేసి, ఇంకా వెనకబడుతోంది.

తాతగారు నిమ్మకాయతో ఒకటో కౌంటరుకి వచ్చి దిగులుగా ఫోన్ చాపారు. “ఫోనేనమ్మా. తేల్చుకునే వచ్చాను.”

అమ్మాయి అక్కవైపు చూసింది. బోర్డువైపు చూసింది. చేతులు కట్టుకుంది.

“తొందరేముంది తాతగారూ? ఫోన్ పోతే ఎవరికి ఫోన్ చేస్తారు?”

తాతగారి మొహం వెలిగింది. “నిజమే సుమా! కార్డు సంగతి మర్చేపోయాను.”

“అయితే కార్డే ఖాయమా? నాలుగంకెలు గుర్తున్నాయా?”

వెనకనుంచి ట్యాక్సీ డ్రైవరు అరిచాడు. “ఓరి నాయనో! ఈ అమ్మాయికి కూడా అంటుకుంది!”

ఆ రోజు సాయంత్రం దాకా ఆమె కౌంటరుకి వచ్చిన ప్రతివాళ్ళూ కార్డు గుణగణాలూ ఫోన్ గుణగణాలూ విని గానీ బయటపడలేదు. మేనేజరు మిషను పాడైందనుకుని రెండుసార్లు తుడిచాడు. షాపు మూసే వేళకి తేడా ఇరవై తొమ్మిది. అక్క ఆ అంకెని మూడుసార్లు చదువుకుని, కుర్చీలో కూలబడి, చెంగుతో మొహం తుడుచుకుంది.

ఒకటో తారీఖున మేనేజరు నక్షత్రం బ్యాడ్జి వెనక్కి తీసుకున్నాడు. ఆదివారం సెలవూ పోయింది. బ్యాడ్జి పిన్ను ఉన్నచోట చొక్కాకి చిన్న చిల్లు మిగిలింది. అక్క కంట అది పడనే పడింది. ఇంకేముంది, బిల్లు ఆపి, సూదీ దారం తీసుకుని ఒకటో కౌంటరుకి వచ్చేసింది.

“అక్కా, బోర్డు!”

“ఉండవే, కదలకు. గుచ్చుకుంటుంది.”

కుట్టు పూర్తయ్యేదాకా రెండు వరుసలూ ఆగిపోయాయి. మేనేజరు గాజు గదిలోంచి లేచి చూశాడు. ఒకటో కౌంటరు ముందు తక్కెడ తాతగారు ఒక చేత్తో కార్డూ ఒక చేత్తో ఫోనూ పట్టుకుని నిలబడి ఉన్నారు. మేనేజరు తల పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు.