ఎత్తుకున్న, అమ్ముకున్న

ఏడాదిపాటు పగను కడుపులో పెట్టుకొని సాకినవాడు, అది తీరే నిమిషంలో ఎందుకు నిలబడలేదు? బషీర్ గుర్తొచ్చినప్పుడల్లా ఈ ప్రశ్న దగ్గరే ఆగిపోతాను.

తొంభైల మొదట్లో జడ్చర్ల బస్టాండు ఎదుట అతనికి చిన్న క్యాసెట్ల దుకాణం ఉండేది. సాయంత్రాలు నేను అక్కడి బల్ల మీద ఏదో ఒకటి చదువుకుంటూ కూర్చునేవాణ్ణి. దుబాయ్ నుంచి ఎవరో తెచ్చిన ఒక క్యాసెట్ అతన్ని పట్టుకుంది. అందులో పాట లేదు. ముక్కలుగా కోసి అతికించిన దరువు మీద ఎవరో కోపంగా మాట్లాడుతున్నారు. బషీర్‌కు ఇంగ్లీషు రాదు, కోపం మాత్రం అర్థమైంది.

తనూ మొదలుపెట్టాడు. రెండు టేపుల మిషను మీద ఒక్కో చప్పుడునూ ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, మళ్లీ మళ్లీ ఎక్కించేవాడు. చప్పుడు ఎక్కుతున్నంతసేపూ మిషను మీద ఎర్రదీపం వెలిగేది.

“పాట ఎత్తుకోవద్దన్నా, అది ఇంకొకనిది. చప్పుడు పట్టాలె. కోసి, కుట్టి మనది జేసుకోవాలె. నడుమ జర జాగా ఇడువాలె. గా జాగలనే కాలు లేస్తది.”

పోచంపల్లి పోయి మగ్గం టకటక పట్టుకొచ్చాడు. దాని కింద తల్లి లాల్ బీ కారం దంచే రోకటి పోటు పరిచాడు. ఆ దరువుకు పెండ్లి ఊరేగింపులు, బరాత్‌లన్నీ ఊగిపోయాయి. ఆ చలికాలమే లాల్ బీ పోయింది.

ఊళ్లో పెద్ద క్యాసెట్ల దుకాణం నడిపే రఘుపతి, పెండ్లి ఉందని చెప్పి, బషీర్ దగ్గరున్న ఒకే ఒక్క అసలు క్యాసెట్ అడిగి తీసుకెళ్లాడు. కాపీలు తీసి, తన పేరు అచ్చేసి అమ్మాడు. వాపసు ఇమ్మని కబురు పెడితే, తమాషా చూడ్డానికన్నట్టు తనే వచ్చాడు.

“గా క్యాసెటా? దాని మీద సినిమా పాటలు ఎక్కించిన.”

“అండ్ల మా అమ్మీ ఉండె, సేటూ.”

“రోకలి సుత మీ అమ్మనేనారా? మంచిగున్నది! ఎత్తుకున్న, అమ్ముకున్న. ఏం జేస్తవ్?”

“ఏం జేస్త సేటూ,” అన్నాడు బషీర్. అతని వెనక మిషను మీద ఎర్రదీపం వెలుగుతూనే ఉంది.

చివరికి తల్లి చప్పుడు కోసం రఘుపతి దుకాణంలోనే ఒక కాపీ కొనుక్కోవాల్సి వచ్చింది. అంతా గరగర. అది వింటూ నాతో అన్నాడు: “వాని నోటితోనే వాని ఇజ్జత్ తీస్తనన్నా. వాడు సంబురంగ ఉన్ననాడే తీస్త.”

రఘుపతి పనితీరు అతనికి తెలుసు. తొందరగా కాపీలు తీయడానికి టేపును రెట్టింపు వేగంతో తిప్పేవాడు. ఆ కీచు భరించలేక సౌండు మూసేసేవాడు. మొదట కాసేపు విని, బాగుంటే చాలనుకునేవాడు. అందుకే బషీర్ కొత్త క్యాసెట్ మొదట్లో ఉత్త దరువే పెట్టాడు. రఘుపతి తమ్ముడి పెండ్లి దగ్గరపడగానే దాన్ని కొట్టు ముందు వేలాడదీశాడు. అదే రోజు రఘుపతి మనిషి వచ్చి కొనుక్కుపోయాడు.

పొద్దు వాలుతుండగా బరాత్ బస్టాండు ముందుకొచ్చింది. జీపు మీది మైకుల్లో దరువు అదిరిపోతోంది. రఘుపతి తలపాగాతో ఆడుతూ, “మనదేరా! సొంత మాల్!” అని అరుస్తున్నాడు. బషీర్ నా పక్కనే ఉన్నాడు. భుజాన సంచి, వేళ్లతో తాళం.

దరువు ఒక్కసారి ఆగింది. ఆ జాగాలోంచి రఘుపతి గొంతు లేచింది.

“ఎత్తుకున్న, అమ్ముకున్న. ఎత్తుకున్న, అమ్ముకున్న. ఏం జేస్తవ్?”

వెంటనే మగ్గం టకటక. దాని కింద, గరగరలో, రోకటి పోటు. ముందు జీపు డ్రైవరు నవ్వాడు, తర్వాత ఆడపెండ్లివారు. పిల్లలు ఆ మాటే అందుకొని రఘుపతి చుట్టూ గంతులేశారు. “బంద్ చెయ్యిరా!” అంటూ అతను జీపు ఎక్కబోయి జారాడు. తలపాగా దుమ్ములో పడింది.

బషీర్ ముఖం చూద్దామని తిరిగాను. పక్కన ఎవరూ లేరు. దుకాణం షట్టర్ దించి ఉంది. కర్నూలు బస్సు అప్పటికే మలుపు తిరుగుతోంది. వెనక కిటికీలో అతని సంచి కనిపించింది. అతను ఇటు తిరగలేదు.