చెవి అందిన పిల్లాడు

లామినేషన్ మిషన్‌లోంచి కాగితం బయటికి వచ్చేటప్పుడు ఒక వాసన వస్తుంది. వేడెక్కిన ప్లాస్టిక్, కాస్త మాడిన జిగురు కలిసిన వాసన. నరసరావుపేటలో నా కంప్యూటర్ సెంటర్‌కు వచ్చేవాళ్లలో చాలామంది పుట్టిన తేదీ కాగితాల కోసమే వస్తారు. మొన్న ఈపూరు నుంచి వచ్చిన ఒకామె తన కొడుకు జనన ధ్రువపత్రాన్ని వేడివేడిగా చేతిలోకి తీసుకుని, "ఇంత ముక్క కాగితానికి ఇన్నిసార్లు తిప్పారేందయ్యా" అని విసుక్కుంది. మామూలుగా అయితే ఏదో ఒకటి సర్దిచెప్పేవాణ్ణి. ఆ రోజు చిల్లర చేతిలో పెట్టి పంపేశాను. మస్తాన్ మాస్టారు గుర్తొచ్చారు. ఆయన గుర్తొస్తే వెనకాలే యాకోబు వస్తాడు. వాడు రాగానే నా కడుపులో పాత మంట మొదలవుతుంది. నలభై దాటినవాణ్ణి, ఎప్పుడో చనిపోయినవాడి మీద ఇంకా కుళ్లుకుంటున్నానని చెప్పడానికి సిగ్గుగానే ఉంది. అది చెప్పకపోతే మాత్రం ఈ రాయడమే దండగ.

మాస్టారిది నరసరావుపేటే. వాళ్ల నాన్న సైకిళ్లు బాగుచేసేవాడు. నకరికల్లు దగ్గర మా ఊరికి ఆయన మొదట చిన్నబడి మాస్టారుగా వచ్చి, ప్రమోషన్ మీద అదే ఊళ్లో హైస్కూల్ లెక్కల మాస్టారయ్యారు. రోజూ నరసరావుపేట నుంచే బస్సులో వచ్చిపోయేవారు. సన్నటి మనిషి, మోచేతుల దాకా మడిచిన తెల్లచొక్కా. కోపమొస్తే అందరికీ గొంతు పెరుగుతుంది, ఆయనకు తగ్గేది. ఆ తగ్గిన గొంతు వినడానికి క్లాసంతా ఊపిరి బిగబట్టేది. ఆయన నన్ను 'శ్రీనూ' అని పిలిస్తే ఆ రోజంతా నాకు పండగే. పిలవకపోతే అన్నం సయించేది కాదు.

ఆ రోజుల్లో మా వైపు బడిలో చేర్చుకునేటప్పుడు వయసు తేల్చడానికి ఒక పద్ధతి ఉండేది. కుడిచేతిని నడినెత్తి మీదుగా అవతలికి తెచ్చి ఎడమ చెవి పట్టుకోమనేవాళ్లు. చెవి అందితే ఐదేళ్లు నిండినట్టు. అందకపోతే వచ్చే ఏడు రమ్మనేవాళ్లు. నాకు అందలేదు. మా నాన్న జేబులోంచి నేను పుట్టిన ఆసుపత్రి కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. కాగితం ఉన్నవాడికి చెవితో పనేముంది, చేర్చుకున్నారు. నా వెనకే కాలనీ నుంచి వచ్చిన యాకోబు నిలబడ్డాడు. వాళ్లమ్మ మరియమ్మ మా చేలో మిరపకాయలు కోసేది. వాడివి బారెడు చేతులు. చెవి అందడమేమిటి, పట్టుకుని మెలిపెట్టి మరీ నవ్వాడు. ఎప్పుడు పుట్టాడని మాస్టారు అడిగితే మరియమ్మ, "కాయలు కోసేటప్పుడయ్యా. ఏ ఏడో నాకేం తెలుసు, నువ్వే చూసి ఏసుకో" అంది. మాస్టారు వాడి పొడుగు చూసి, ఆరేళ్లు దాటే ఉంటాయనుకుని, వెనక్కి లెక్కేసి జూన్‌లో ఒక తేదీ వేశారు. అప్పట్లో అందరూ చేసేదే ఆయనా చేశారు. నిజానికి యాకోబు నాకన్నా రెండు నెలలు చిన్నవాడు. నన్ను ఉయ్యాల్లో వేసిన రోజు మరియమ్మ నిండు చూలాలని, తన చేత్తో అన్నం పెట్టానని మా అమ్మ ఎన్నోసార్లు చెప్పగా విన్నాను.

హైస్కూల్లో నాకు సైకిల్ ఉండేది, ట్యూషన్ ఉండేది, గైడు ఉండేది. వాడి దగ్గర ఉన్నది మాస్టారి చూపు ఒక్కటే. నాకు కావలసిందీ అదే. తొమ్మిదో తరగతిలో ఒకసారి మాస్టారు బోర్డు మీద లెక్క వేశారు. బట్టీపట్టిన సూత్రంతో నేను అందరికన్నా ముందు లేచి జవాబు చెప్పాను. యాకోబు చాలాసేపటికి గాని చెయ్యెత్తలేదు. మాస్టారు నావైపు చూసి, "నీ జవాబు కరెక్టే శ్రీనూ, కూర్చో" అన్నారు. వాడివైపు తిరిగి, "ఒరేయ్ యాకోబూ, నువ్వు ఎట్టా చేశావో వచ్చి బోర్డు మీద చెయ్యి. మేమంతా నేర్చుకుంటాం" అన్నారు. మేమంతా! అందులో ఆయన కూడా ఉన్నారు. వాడు ఏవో గీతలు గీసి, సూత్రం లేకుండానే లెక్క తేల్చాడు. మాస్టారు సుద్దముక్క వాడి చేతికే వదిలేసి వెళ్లి మా బెంచీలో కూర్చున్నారు. ఆ రోజు ఇంటికెళ్లి గైడు చించేశాను. అమ్మ అడిగితే ఎలుకలు కొట్టాయన్నాను. ఇంతా చేసి మేమిద్దరం స్నేహితులమే. ఒకే జట్టులో వాలీబాల్ ఆడేవాళ్లం. వాడంటే ఇష్టమూ, వాడి మీద ఏడుపూ నాకు ఒకేసారి ఉండేవి.

ఇంటర్ అయిపోయిన ఏడు. సాగర్ కాలువ పక్క ఖాళీ స్థలంలో ఆడుకుంటున్నాం. ఒక ట్రాక్టర్ డ్రైవరు దారి దగ్గరవుతుందని మా నెట్టు మీదుగా తోలాడు. ఇదేమిటని యాకోబు అడిగితే కులం పేరు పెట్టి తిట్టాడు. యాకోబు తలవంచుకుని చిరిగిన వల ఏరుకుంటున్నాడు. నేను వెళ్లి ఆ మనిషిని కొట్టాను. మొదటి దెబ్బ నాది, ఇది ఎక్కడైనా చెబుతాను. స్నేహం కొద్దీ కొట్టానో, నలుగురిలో గొప్ప కోసం కొట్టానో ఇప్పటికీ తెలియదు. అతను నా గొంతు పట్టుకున్నాడు. యాకోబు పరుగున వచ్చి అతన్ని ఒక్క తోపు తోశాడు. వెనక్కి పడి తల తూము రాయికి తగిలింది. మర్నాటికి ఆసుపత్రిలో పోయాడు. అతనికీ పెళ్లాం, పిల్లలు ఉన్నారు. మేమిద్దరం చేసిన పనే అది, ఒకడు చేసింది కాదు.

జీపులో పక్కపక్కనే కూర్చోబెట్టి తీసుకెళ్లారు. అక్కడ కాగితాలు చూశారు. నాకు పదిహేడేళ్లు, పిల్లాణ్ణి. బడి రిజిస్టర్ ప్రకారం యాకోబుకు పద్దెనిమిది దాటాయి, పెద్దవాడు. నన్ను పిల్లల హోముకు పంపారు. వాణ్ణి జైలుకు పంపారు. నాన్న పెట్టిన పెద్ద వకీలు నాలుగు నెలల్లో నన్ను ఇంటికి తెచ్చాడు. ఆ నాలుగు నెలల్లో మాస్టారు ఒక్కసారి కూడా నన్ను చూడ్డానికి రాలేదు. యాకోబు దగ్గరికి మాత్రం ప్రతి రెండో శనివారం వెళ్లేవారని తర్వాత తెలిసింది. హోములో ప్రతి శనివారం నేను గేటు వైపే చూస్తూ కూర్చునేవాణ్ణి. వచ్చి నాలుగు తిట్లు తిట్టినా చాలనుకునేవాణ్ణి.

మాస్టారు కోర్టుకెళ్లి, యాకోబు తేదీ తాను చెవీ పొడుగూ చూసి వేసిందేనని ఒప్పుకున్నారు. రిజిస్టర్‌లో ఉన్నదే లెక్క అన్నారు కోర్టువాళ్లు. తల్లి మాట నిలబడలేదు, తల్లి అలాగే చెబుతుంది కదా అన్నారు. తెలిసిన మనిషి ఇంకెవరైనా కావాలి. మాస్టారు మా ఇంటికి వస్తే నాన్న గుమ్మంలోనే, "మా ఇంట్లో ఆడోళ్లు కోర్టు మెట్లెక్కరు మాస్టారూ" అని పంపేశాడు. మర్నాడు బస్సుల దగ్గర ఆయన నన్ను ఆపారు.

"యాకోబు నీకన్నా చిన్నోడని మీ అమ్మకు తెలుసంట గదరా. మరియమ్మ చెప్పింది."

"తెలుసండి."

"మీ నాన్నతో నావల్ల కాదు. నువ్వు అమ్మనడుగు. వచ్చి ఉన్నమాట చెబితే చాలు. పిల్లోడు బయటపడతాడు."

అంటూ నా భుజం మీద చెయ్యి వేశారు. అన్నేళ్లలో ఆయన నామీద చెయ్యి వెయ్యడం అదే మొదలు. హోములో ఎలా ఉన్నావని అడగలేదు. తిన్నావా అని అడగలేదు. ఆ చెయ్యి కూడా నాకోసం కాదు, యాకోబు కోసమే పడింది. ఒళ్లంతా మండిపోయింది. అడుగుతానన్నాను. వారం గడిచింది, అమ్మను అడగలేదు. అమ్మ రోజూ నాకు అన్నం పెడుతూ ఎదురుగానే ఉంది. ఆ వారాంతంలో మళ్లీ ఆయన కనపడితే, కళ్లలోకి చూసి, "అమ్మ రానందండి" అన్నాను. మాస్టారు తలూపి వెళ్లిపోయారు.

యాకోబుకు ఏడేళ్ల శిక్ష పడింది. మాస్టారు వాడి పదో తరగతి లెక్కల నోటుబుక్కు దాచిపెట్టి, కొత్త పిల్లలకు చూపించేవారట. జైల్లో ఉన్నోడి పుస్తకమేందని ఊళ్లోవాళ్లు అడిగితే, "లెక్కలు జైల్లో లేవు గదా" అన్నారట. ఆ మాట విన్న రోజు కూడా నాకు వాడి మీద జాలి పుట్టలేదు. నా నోటుబుక్కు ఏమైందని మాత్రం అనిపించింది. రెండో ఏడు వాడికి జైల్లో పచ్చకామెర్లు వచ్చాయి. చూసుకునేవాళ్లు లేక ముదిరి చనిపోయాడు. సమాధుల దగ్గర నేను దూరంగా నిలబడ్డాను. మస్తాన్ మాస్టారు మట్టిలో చతికిలబడి పసిపిల్లాడిలా ఏడ్చారు. ఈ చేత్తోనే గదా తేదీ వేశానంటూ ఆ చెయ్యిని నేలకేసి కొట్టుకున్నారు. మరియమ్మే ఆయన చెయ్యి పట్టుకుని, "నీ తప్పేముందయ్యా, ఊరుకో" అంటోంది. నేను చస్తే ఈయన ఇలా ఏడుస్తారా అని నేను లెక్కలు వేసుకుంటున్నాను.

తర్వాత చాలా ఏళ్లకు, అమ్మ కూడా పోయాక, ఒక మధ్యాహ్నం మాస్టారింటికి వెళ్లాను. ఆయన రిటైరై పేటలోనే ఉంటున్నారు. టీ ఇచ్చారు. గ్లాసు కింద పెట్టి, "మాస్టారూ, అప్పుడు నేను అమ్మను అడగలేదు" అన్నాను. అనడానికి అన్నేళ్లు పట్టింది.

"తెలుసురా" అన్నారు ఆయన. "శిక్ష పడ్డ పదిరోజులకు మీ అమ్మ ఒక్కతే బస్సెక్కి ఈడికొచ్చింది. నన్నెవరూ అడగలేదేంది మాస్టారూ, అడిగితే వచ్చి చెప్పేదాన్ని గదా అంది. ఇదిగో, ఈ అరుగు మీదే కూర్చుని కాగితం రాసి సంతకం పెట్టింది. పైకోర్టుకు పంపిచ్చాం. అది విచారణకొచ్చేసరికి పిల్లోడు లేడు."

అమ్మ నాకు ఏనాడూ చెప్పలేదు. పోయేదాకా నాకు అన్నం పెడుతూనే ఉంది. ఆ సంగతి తెలిసి ఎలా పెట్టిందో, అడగడానికి ఇప్పుడామె లేదు.

"మరి ఇన్నేళ్లూ నన్నొక్క మాట అనలేదేంది మాస్టారూ?"

"ఏమంటాన్రా. అప్పటికి నువ్వూ పిల్లోడివే గదా" అన్నారు. మామూలుగానే అన్నారు. ఆ తర్వాత యాకోబు పేరెత్తబోయి ఎత్తలేక, పంచె చెంగుతో కళ్లు తుడుచుకున్నారు.

మాస్టారు నిరుడు పోయారు. ఆయన నుంచి నాకు లెక్కలు అబ్బలేదు, ఆ ఓపికా అబ్బలేదు. అబ్బింది ఆ మధ్యాహ్నం ఒక్కటే. ఆ ఇంటి మెట్లు దిగుతుంటే నాలో ముందు కదిలింది పశ్చాత్తాపం కాదు, ఆ కన్నీళ్లు మళ్లీ వాడికే దక్కాయన్న కుళ్లు. పశ్చాత్తాపం తర్వాత వచ్చింది, వచ్చి ఇంక పోలేదు. పిల్లాడన్న మాట నాకు రెండుసార్లు దక్కింది. ఒకసారి కోర్టు కాగితం చూసి అంది, ఇంకోసారి మాస్టారు నా అబద్ధం తెలిసీ అన్నారు. నాకన్నా రెండు నెలలు చిన్నవాడైన యాకోబును, వాడు బతికుండగా, ఏ కోర్టూ ఆ మాట అనలేదు. అనిపించగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.